ఆడియో పనికి బెంచ్ పవర్ సప్లై: ఆంపియర్ల కన్నా అవుట్‌పుట్లు ముఖ్యం

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, రికార్డ్ ప్లేయర్‌కు ఫోనో ప్రీఆంప్ (రికార్డు సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచేది), ఆ తర్వాత ఎల్‌ఎం 3886 ఐసీతో పవర్ ఆంప్లిఫయర్ చేయాలనుకుంటున్నారు. అందుకోసం బెంచ్ పవర్ సప్లై, అంటే బల్ల మీద పెట్టుకుని వోల్టేజీనీ కరెంటు పరిమితినీ మార్చుకునే సప్లై, వెతికితే 30 వోల్టులు, 10 ఆంపియర్లు ఇచ్చే ఒకే అవుట్‌పుట్ ఎస్‌ఎంపీఎస్ (అతి వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజీని మార్చే రకం) సప్లై చవకగా కనబడింది. 30 వోల్టులు, 3 ఆంపియర్ల చొప్పున రెండు అవుట్‌పుట్లున్న లీనియర్ సప్లై (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో, అలాంటి ఆన్, ఆఫ్ లేకుండా పనిచేసేది) ధర దానికి రెండింతలు దాటింది. తక్కువ డబ్బుకు ఎక్కువ ఆంపియర్లు వస్తుంటే రెండోది ఎందుకు కొనాలన్నది మొదటి ప్రశ్న. ఎస్‌ఎంపీఎస్ రొద నిజంగా చెవికి వినబడుతుందా, లేక అది ఆడియో పిచ్చి ఉన్నవాళ్ల భయమా అన్నది రెండోది. ఎప్పటికైనా వాల్వ్ (పాతకాలం గాజు ట్యూబు) ప్రీఆంప్ చేస్తే అదే సప్లై పనికొస్తుందా అన్నది మూడోది.

రెండు అవుట్‌పుట్ల లీనియరే కొనండి. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే, చవకదాని మీద ఖర్చు పెట్టకుండా, కింద చెప్పబోయే 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ సప్లైని మీరే చేసుకుని కొన్నాళ్లు ఆగండి. కారణాలు వివరంగానే చెబుతాను. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో వేసేది ఆంపియర్ల అంకె ఒక్కటే. ఆడియో పనికి అక్కరకొచ్చే సంగతులు అందులో ఉండవు.

ముందు ఆ ఆంపియర్ల లెక్క చూద్దాం. ఆడియోలో అందరూ వాడే ఎన్‌ఈ 5532 ఐసీలో రెండు ఆప్-ఆంపులుంటాయి (ఆప్-ఆంప్ అంటే సిగ్నల్‌ను పెంచే రెడీమేడ్ సర్క్యూట్). రెండూ కలిసి, సిగ్నల్ లేనప్పుడు తీసుకునేది సుమారు 8 మిల్లీఆంపియర్లు. టీఎల్ 072 అయితే 3 మిల్లీఆంపియర్ల లోపే. నాలుగు ఐసీలున్న టోన్ కంట్రోల్ బోర్డు మొత్తం కలిపి 40 మిల్లీఆంపియర్లు కూడా దాటదు. హెడ్‌ఫోన్ ఆంప్ ఎంత గట్టిగా పాడినా సాధారణంగా 100, 200 మిల్లీఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. 10 ఆంపియర్లు కావలసిన పనులు లేకపోలేదు. కారు ఆంప్లిఫయర్ రిపేరు, పెద్ద బ్యాటరీల ఛార్జింగ్, మోటార్లు, పొడవాటి ఎల్‌ఈడీ పట్టీలు అలాంటివి. మీరు చేయాలనుకుంటున్న వాటిలో అవేవీ లేవు.

మీ బోర్డులకు కావలసింది ప్లస్, మైనస్, మధ్యలో సున్నా. ఆప్-ఆంప్ ప్రీఆంప్‌కు ±12 లేదా ±15 వోల్టులు, ఎల్‌ఎం 3886 కు ±25 నుంచి ±30 వోల్టులు. రెండు అవుట్‌పుట్ల సప్లైలో ఎడమవైపు నలుపు టెర్మినల్‌ను కుడివైపు ఎరుపు టెర్మినల్‌తో కలిపితే ఆ కలిసిన చోటు సున్నా అవుతుంది. ఎడమ ఎరుపు ప్లస్, కుడి నలుపు మైనస్. మంచి సప్లైల్లో ట్రాకింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒక నాబ్ తిప్పితే రెండువైపులా వోల్టేజీ సమానంగా పెరుగుతుంది. ఆడియో పనివాడికి ఇంతకన్నా విలువైన సదుపాయం మరొకటి లేదు.

ఒకే అవుట్‌పుట్ నుంచి రెండు రెసిస్టర్లు, ఒక ఆప్-ఆంప్ పెట్టి మధ్యలో నకిలీ సున్నా పుట్టించవచ్చని ఎవరైనా చెప్పవచ్చు. ఒంటరిగా ఉండే హెడ్‌ఫోన్ ఆంప్‌కు అది పనిచేస్తుంది. అదే సప్లైకి మామూలు పద్ధతిలో, అంటే నలుపునే సున్నాగా వాడే ఇంకో బోర్డును తగిలించి, రెండింటినీ ఆడియో కేబుల్‌తో కలిపారంటే మాత్రం నకిలీ సున్నా నేరుగా నలుపుకు తగిలి సగం సప్లై షార్టవుతుంది. ఆడియో బోర్డులను ఒకదానికొకటి కలపకుండా చేసే పని ఏముంటుంది?

ఒకే రకం సింగిల్ సప్లైలు రెండు కొని పైన చెప్పినట్టే కలుపుకోవడం మంచి మార్గమే. ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత కొనుక్కోవచ్చు. అయితే మూడు జాగ్రత్తలున్నాయి. మొదటిది, రెండింటి అవుట్‌పుట్లూ ఎర్త్‌తో గానీ, ఒకదానితో ఒకటి గానీ సంబంధం లేకుండా విడిగా ఉండాలి. ముందుభాగంలో ఎరుపు, నలుపుతో పాటు ఆకుపచ్చ టెర్మినల్ కనబడితే అది ఎర్త్. కొన్ని పాత సప్లైల్లో నలుపునూ ఆకుపచ్చనూ కలుపుతూ చిన్న లోహపు పట్టీ ఉంటుంది. రెండింటికీ ఆ పట్టీలు అలాగే ఉంచి సిరీస్‌లో కలిపితే ఎర్త్ తీగ ద్వారా కిందిది షార్టవుతుంది. పట్టీలు తీసేయండి. ప్లగ్గు గోడ నుంచి పీకేసి, నలుపుకూ ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడండి. మీటరు సంబంధమే లేదని (ఓఎల్ అని) చూపితే సరే.

రెండో జాగ్రత్త రైడెన్ ఆర్‌డీ 6006 లాంటి మాడ్యూళ్ల గురించి. అవి చూడ్డానికి పూర్తి సప్లైలా ఉంటాయి గానీ నిజానికి డీసీని తగ్గించే కన్వర్టర్లు మాత్రమే. ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మైనస్ ఒకటే. ఒకే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు మాడ్యూళ్లను నడిపి ± చేద్దామంటే షార్టే. ఒక్కోదానికి విడి ఎస్‌ఎంపీఎస్ పెట్టాలి. మూడోది, సిరీస్‌లో ఉన్న రెండింటిలో ఒకటి ముందు లేచి రెండోది ఆలస్యమైతే, ఆలస్యమైనదానికి లోడు గుండా వ్యతిరేక వోల్టేజీ తగులుతుంది. ల్యాబు సప్లైల్లో దీనికి లోపలే డయోడు ఉంటుంది. చవక వాటిలో ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రతి అవుట్‌పుట్‌కూ అడ్డంగా ఒక 1ఎన్5408 డయోడు, దాని గీత ఉన్న కొస ఎరుపువైపు ఉండేలా వేయండి. ఖర్చు కొన్ని రూపాయలే.

ఇక అసలు బెంచ్ సప్లై ఎందుకు కొంటామో ఆ సంగతికి వద్దాం. వోల్టేజీ మార్చుకోవడానికైతే నాలుగు అడాప్టర్లు చాలు. కొనేది కరెంటు పరిమితి కోసం. టంకం వేసిన బోర్డుకు తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు తప్పు ఎక్కడో ఉండే ఉంటుందని అనుకోవడమే క్షేమం. ఐసీ తిరగబడి ఉండవచ్చు, రెండు కాళ్ల మధ్య టంకం అంటుకుని ఉండవచ్చు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తలకిందులై ఉండవచ్చు. అడాప్టర్‌కు ఈ తేడాలు తెలియవు. ఉన్న కరెంటంతా పంపి పొగ తెప్పిస్తుంది. బెంచ్ సప్లైలో పరిమితిని 50 మిల్లీఆంపియర్లకు పెట్టి రెండు 5532 లున్న బోర్డుకు ఇస్తే, షార్టు ఉన్నా ఐసీ వెచ్చబడేలోపు సీసీ దీపం (కరెంటు పరిమితి తగిలిందని చెప్పేది) వెలుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది. మీరు తీరిగ్గా తప్పు వెతుక్కోవచ్చు.

అందుకే పరిమితిని ఎంత సన్నగా పెట్టుకోగలమన్నది చూడాలి. 10 ఆంపియర్ల సప్లైలో నాబ్ ఒక్క వెంట్రుకవాసి కదిలితే 100 మిల్లీఆంపియర్లు మారిపోతాయి. దాని డిస్‌ప్లే మూడంకెలదైతే 10 మిల్లీఆంపియర్ల కన్నా తక్కువ తేడా కనబడనే కనబడదు. మీ 5532 తీసుకునే 8 మిల్లీఆంపియర్లను అది సున్నా అని చూపినా చూపుతుంది. కరెంటును ఒక్కో మిల్లీఆంపియర్ తేడాతో చూపే సప్లై తీసుకోండి. కోరాడ్ కేఏ 3005డీ లాంటి చవక లీనియర్‌లో కూడా ఈ వెసులుబాటు ఉంది. అది సింగిల్ అవుట్‌పుట్‌ది, ± కావాలంటే రెండు కొనాలి.

ఆ మిల్లీఆంపియర్ల అంకె నిజంగా ఎంత పనికొస్తుందో వాడితే గానీ తెలియదు. ± సప్లై మీద నడిచే బోర్డులో సిగ్నల్ లేనప్పుడు రెండువైపులా కరెంటు ఇంచుమించు సమానంగా ఉండాలి. ప్లస్‌లో 32, మైనస్‌లో 31 ఉంటే మంచిదే. ప్లస్‌లో 60, మైనస్‌లో 31 ఉంటే ఆ తేడా ఎక్కడో సున్నాలోకి పోతోందన్నమాట. అవుట్‌పుట్‌లో డీసీ ఉండవచ్చు, కెపాసిటర్ కారుతుండవచ్చు. రెండువైపులా సమానంగానే ఉన్నా మామూలు కన్నా రెండింతలు ఉంటే, ఐసీ చెవికి అందని పౌనఃపున్యంలో తనంతట తాను ఊగిపోతోందేమో చూడాలి. ఆసిలోస్కోప్ (సిగ్నల్ తరంగాన్ని తెర మీద చూపే పరికరం) లేనివాళ్లకు ఈ అంకె దాదాపు ఆసిలోస్కోప్ పనే చేసిపెడుతుంది.

ఎల్‌ఎం 3886 కు ఊరికే ఉన్నప్పుడు సుమారు 50 మిల్లీఆంపియర్లు పడతాయి. తొలిసారి పరిమితిని 200 మిల్లీఆంపియర్లకు పెట్టండి. బోర్డు మీద 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటే అది 30 వోల్టులకు నిండడానికి ఆ పరిమితిలో సుమారు ఒకటిన్నర సెకండు పడుతుంది. అంతసేపూ సీసీ దీపం వెలుగుతూనే ఉంటుంది, కంగారు పడవద్దు. రెండు మూడు సెకండ్లు దాటినా ఆరకపోతే అప్పుడు ఆపండి. ఇంకో చిక్కు: ఈ ఐసీ మ్యూట్ పిన్ను నుంచి కొద్దిగా కరెంటు మైనస్ వైపు లాగకపోతే శబ్దమే చేయదు. ఆ రెసిస్టర్ వేయడం మరచిపోయి సప్లైని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కరెంటు పరిమితి అన్నిటినీ కాపాడుతుందనుకోవద్దు. సప్లై అవుట్‌పుట్ టెర్మినళ్ల మీదే లోపల ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అది 470 మైక్రోఫారడ్లయితే 30 వోల్టుల దగ్గర అందులో దాదాపు 0.2 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. వైరు తగిలించిన క్షణంలో ఆ శక్తి ఏ పరిమితికీ లోబడకుండా బోర్డులోకి దూకుతుంది. చిన్న ట్రాన్సిస్టర్‌కో ఎల్‌ఈడీకో అది చాలు. కాబట్టి అవుట్‌పుట్‌ను విడిగా ఆన్, ఆఫ్ చేసే బటన్ ఉన్న సప్లైనే కొనండి. వైర్లన్నీ తగిలించాక అప్పుడు ఆ బటన్ నొక్కండి.

ట్రాకింగ్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. చాలా సప్లైల్లో ఒకవైపు పరిమితి తగిలి వోల్టేజీ పడిపోయినా, రెండోవైపు అలాగే నిలబడుతుంది. పవర్ ఆంప్‌లో మైనస్ పడిపోయి ప్లస్ నిలబడితే అవుట్‌పుట్ ప్లస్ వైపు అతుక్కుపోతుంది, స్పీకర్‌లోకి నేరుగా డీసీ వెళ్తుంది. వాయిస్ కాయిల్ కాలడానికి ఎంతోసేపు పట్టదు. బెంచ్ మీద ఉన్నంతకాలం స్పీకర్ బదులు 8 ఓమ్‌ల 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను హీట్‌సింక్‌కు బిగించి వాడండి. అవుట్‌పుట్‌లో డీసీ కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉందని నిర్ధారించుకున్నాకే స్పీకర్.

మీ రెండో ప్రశ్నకు సమాధానం సర్క్యూట్‌ను బట్టి ఉంటుంది. ఇందులో రెండు పక్షాలవాళ్లూ అతిగా మాట్లాడతారు. లీనియర్ సప్లైలో మిగిలే రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే చిన్న అల) మన దగ్గర 100 హెర్ట్జ్‌లది, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్; అమెరికాలో ఉన్నవాళ్లకు 120. మంచి లీనియర్‌లో అది మిల్లీవోల్టు లోపే ఉంటుంది. రీగోల్ డీపీ 832 కు 350 మైక్రోవోల్టుల లోపని స్పెసిఫికేషన్‌లో రాస్తారు. ఇప్పుడు 5532 డేటాషీట్ చూడండి. సప్లై ఒక వోల్టు మారితే దాని ఇన్‌పుట్ దగ్గర కనబడేది సాధారణంగా 10 మైక్రోవోల్టులు. అంటే 1 మిల్లీవోల్టు రిపుల్ ఇన్‌పుట్ దగ్గర 0.01 మైక్రోవోల్టు అవుతుంది. ఆ ఐసీ సొంత రొద ఆడియో పరిధిలో దాదాపు 0.7 మైక్రోవోల్టులు. రిపుల్ దాని కింద ఎక్కడో అడుగున మునిగిపోతుంది. ఆప్-ఆంప్ బోర్డుకు 1 మిల్లీవోల్టు రిపుల్ ఉన్న సప్లై, అందులో పదో వంతు రిపుల్ ఉన్న ఖరీదైన సప్లై వినడానికి ఒకటే. ఆ తేడాకు డబ్బు పెట్టవద్దు.

అయితే ఈ లెక్క తక్కువ పౌనఃపున్యాలకే చెల్లుతుంది. ఆప్-ఆంప్‌కు సప్లై రొదను తోసిపుచ్చే శక్తి పౌనఃపున్యం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ పైన కొట్టుకుంటుంది. ఆ పదునైన అంచుల నుంచి పుట్టే పై పౌనఃపున్యాలు మెగాహెర్ట్జ్‌ల దాకా పోతాయి. వాటిని చెవి వినలేదు, నిజమే. కానీ ఫోనో ప్రీఆంప్ లాంటి సున్నితమైన ఇన్‌పుట్‌లోకి అవి చేరితే ట్రాన్సిస్టర్ జంక్షన్లు వాటిని రెక్టిఫై చేసి వినబడే పరిధిలోకి దించుతాయి.

అంతకన్నా సూటిగా వినబడేది ఇంకొకటి ఉంది, అదే మీ విషయంలో ముఖ్యం. 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు 30 మిల్లీఆంపియర్ల లోడు ఇస్తే దానికది లోడే కాదు. అలాంటప్పుడు చాలా డిజైన్లు ఎడతెగకుండా కొట్టుకోవడం మాని, కాసేపు కొట్టుకుని కాసేపు ఆగుతాయి. ఆ ఆగి మొదలయ్యే వేగం వినబడే పరిధిలోకి దిగుతుంది. సన్నగా కీచుమనే శబ్దం, లేదా గరగర. 10 ఆంపియర్ల సప్లైని చిన్న ఆడియో బోర్డుకు వాడటంలో అసలు నష్టం ఇదే. పెద్దది కొన్నందుకు బోనస్‌గా వచ్చేది రొద.

ఆప్-ఆంప్ లేని సర్క్యూట్లకు లెక్క వేరు. 2ఎస్‌కే170 లాంటి జేఫెట్‌తో, డ్రెయిన్‌కు ఒక రెసిస్టర్ మాత్రమే పెట్టి చేసే ఫోనో స్టేజీ ఉంటుంది చూడండి, దానికి సప్లై రొదను తోసిపుచ్చే శక్తే లేదు. సప్లైలో ఉన్న 1 మిల్లీవోల్టు ఉన్నదున్నట్టు అవుట్‌పుట్‌లో దిగుతుంది. గిటార్ పెడల్స్‌లోని ఒంటి ట్రాన్సిస్టర్ స్టేజీలూ అంతే. ఇలాంటివి చేస్తే బోర్డు మీదే ఒక ఫిల్టర్ ఉండాలి. బీడీ 139 ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర 1 కిలో ఓమ్, 470 మైక్రోఫారడ్లు పెడితే చాలు; ఒకటి రెండు వోల్టులు తింటుంది, రిపుల్‌ను అణచేస్తుంది.

రొద సప్లైదా, మీ వైరింగ్‌దా అని తేల్చుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. రెండు 9 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపి బోర్డును వాటితో నడపండి. గుంయ్‌మనే శబ్దం అలాగే ఉంటే సప్లైని వదిలేసి గ్రౌండ్ వైర్లు చూసుకోండి. పోతే సప్లైదే తప్పు. ఇంకాస్త ఎక్కువసేపు నడపాలంటే యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు తీసుకోండి. ఒక్కోదానికి టెర్మినల్ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు వేయకుండా మాత్రం ముట్టుకోవద్దు. షార్టయితే ఆ బ్యాటరీ సన్నని వైరును ఎర్రగా కాల్చేస్తుంది.

రెండు పిన్నుల ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్లతో మరో బెడద ఉంది. లోపలి చిన్న కెపాసిటర్ల వల్ల వాటి అవుట్‌పుట్ మొత్తం ఎర్త్‌తో పోలిస్తే మెయిన్స్‌లో సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం, అయినా ఉత్తికాళ్లతో నిలబడి లోహపు పెట్టెను తాకితే జివ్వుమంటుంది. ఆ స్థితిలో ఆడియో కేబుల్ గుచ్చితే సిగ్నల్ పిన్ను ముందు తగిలి ఇన్‌పుట్ ఐసీ పోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్త్ ఉంటే ఈ బాధ ఉండదు. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనుక తీగ ఉండదు. సప్లై కొనే ముందే ఎలక్ట్రీషియన్‌తో అది చూపించుకోండి, వీలైతే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే వెంటనే ఆపే స్విచ్) పెట్టించండి.

పవర్ ఆంప్‌కు 3 ఆంపియర్లు చాలవేమో అని మీకు అనుమానం రావచ్చు. 8 ఓమ్‌లకు 50 వాట్లు ఇవ్వాలంటే శిఖర వోల్టేజీ 28 వోల్టులు, శిఖర కరెంటు సుమారు 3.5 ఆంపియర్లు. కానీ ఒక్కోవైపు సగటున పడేది 1.1 ఆంపియర్లే, శిఖరాలను బోర్డు మీది కెపాసిటర్లు భరిస్తాయి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటర్, సప్లై ఏమీ ఇవ్వకపోయినా, అర ఆవృత్తంలో పావు వోల్టు మాత్రమే పడుతుంది. 20 హెర్ట్జ్ దగ్గర ఆ సాయం అందదు, పరిమితి తగులుతుంది. బెంచ్ మీద 20 హెర్ట్జ్‌లో నిండు పవర్ కొలవాల్సిన అవసరం మీకు రాదు. డీసీ, బయస్, ఊగిసలాట అన్నీ సరిచూసుకున్నాక ఆంప్‌ను దాని సొంత ట్రాన్స్‌ఫార్మర్‌తోనే నడపాలి. ఆ మొదటిసారికి మెయిన్స్ ఫేజు తీగలో సిరీస్‌గా 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే అంతా సవ్యం. కాంతివంతంగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

క్లాస్ డి (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేసే ఆంప్‌లు) గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. ఐఆర్‌ఎస్ 2092 తో చేసే హాఫ్ బ్రిడ్జ్ ఆంప్‌లు తక్కువ పౌనఃపున్యాల దగ్గర శక్తిని వెనక్కి సప్లైలోకి తోస్తాయి. బెంచ్ సప్లై కరెంటు ఇవ్వగలదే తప్ప తీసుకోలేదు, కాబట్టి ఒకవైపు వోల్టేజీ పెరిగిపోతుంది. టీపీఏ 3116 లాంటి ఫుల్ బ్రిడ్జ్ ఐసీలకు ఈ ఇబ్బంది లేదు, పైగా వాటికి ఒకే సప్లై చాలు.

ఇక ఏది కొనాలి? కొత్తవాటిలో సిగ్లెంట్ ఎస్‌పీడీ 3303, రీగోల్ డీపీ 832, తైవాన్‌కు చెందిన జీడబ్ల్యూ ఇన్‌స్టెక్ జీపీఎస్ 3303 మూడూ ఈ పనికి సరిపోతాయి; అయితే పైన చెప్పినట్టు మిల్లీఆంపియర్ తేడా చూపే మోడలేనా అని కొనే ముందు చూసుకోండి. అన్నిటిలోనూ 30 వోల్టుల స్థాయి అవుట్‌పుట్లు రెండు, లాజిక్ కోసం చిన్నది ఒకటి. మూడో అవుట్‌పుట్‌ను గుడ్డిగా నమ్మవద్దు. ఉదాహరణకు డీపీ 832 లో మూడో ఛానల్ మైనస్, రెండో ఛానల్ మైనస్ లోపలే కలిసి ఉంటాయి. వాటిని ± గా కలపడం కుదరదు, ఒకటి, రెండు ఛానళ్లనే కలపాలి. వీటిలో జీపీఎస్ 3303 నాకు ఎక్కువ నచ్చుతుంది. మెనూలు లేవు, నాబ్ తిప్పితే వోల్టేజీ మారుతుంది, అంతే.

నా ఓటు మాత్రం పాత సరుకుకే. థానేలోని ఆప్‌ల్యాబ్, ఇండోర్‌లోని సైంటిఫిక్ తయారుచేసిన లీనియర్ సప్లైలను ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో మీరు చూసే ఉంటారు. కాలేజీలు, ఫ్యాక్టరీలు వదిలించుకున్నప్పుడు ఇలాంటివి పాత సామాన్ల అంగళ్లకు చేరుతుంటాయి. వెనుక హీట్‌సింక్ మీద 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. పాడైతే బాగుచేయడానికి కావలసినవన్నీ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లోనో దొరుకుతాయి. పాతది కొన్నప్పుడు రెండు చేయాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చాలి. వోల్టేజీ నాబ్ వెనుక ఉన్న పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) తప్పక మార్చాలి. అరిగిన పాట్‌లో కాంటాక్టు ఒక్క క్షణం తప్పితే కొన్ని డిజైన్లలో అవుట్‌పుట్ ఏకంగా 30 వోల్టులకు ఎగురుతుంది. విదేశాల నుంచి వచ్చినదైతే వెనుకనున్న 115, 230 వోల్టుల స్విచ్ చూడకుండా గోడకు పెట్టవద్దు.

కొత్తదైనా పాతదైనా ఇంటికి రాగానే 15 వోల్టులకు పెట్టి, లోడు లేకుండా, మీటరును గరిష్ఠ విలువ పట్టే మోడ్‌లో ఉంచి మెయిన్ స్విచ్‌ను కొన్నిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. ఆఫ్ చేసిన క్షణంలో 20, 25 వోల్టులకు ఎగిరే సప్లైలున్నాయి. మీటరు అందుకోలేనంత వేగంగా ఎగిరితే ఆసిలోస్కోప్ కావాలి. టీఎల్ 072 కు ±18 వోల్టులే గరిష్ఠం అని గుర్తుంచుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది. తర్వాత రొద వినండి. 63 వోల్టుల 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, సిరీస్‌లో 10 కిలో ఓమ్, ఆ తర్వాత గ్రౌండ్‌కు ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు, అక్కడి నుంచి కంప్యూటర్ లైన్ ఇన్. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేయండి. స్పెక్ట్రమ్ చూపే ఏదైనా ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ గీత, దాని గుణిజాలు, ఎస్‌ఎంపీఎస్ అయితే లోడుతో పాటు జరిగే గీతలు స్పష్టంగా కనబడతాయి. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు చేసిన కొలతలను లెక్కలోకి తీసుకోవద్దు. చదరపు తరంగం ఇచ్చే ఇన్వర్టర్ మీద మంచి ట్రాన్స్‌ఫార్మర్ కూడా గోల చేస్తుంది.

సప్లైతో వచ్చే క్రోకడైల్ క్లిప్పు వైర్లను పక్కన పడేయండి. చాలావాటిలో లోపల తీగ వెంట్రుకల్లా ఉంటుంది, క్లిప్పుకు టంకం కూడా వేయరు. అర ఓమ్ నిరోధం ఉన్న వైరులో 3 ఆంపియర్లు పోతే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. మందపాటి సిలికాన్ వైరు, బనానా ప్లగ్గులు కొని మీరే చేసుకోండి. ఫోనో బోర్డును సప్లైకి కనీసం అరమీటరు దూరంలో పెట్టండి, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నేరుగా కార్ట్రిడ్జ్‌లోకి 50 హెర్ట్జ్ ఎక్కిస్తుంది, ఏ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. వినే గదిలో పనిచేస్తే ఫ్యాన్ ఎప్పుడూ తిరిగే మోడల్ వద్దు.

డబ్బు ఆగమంటే చేసుకోవలసిన చిన్న సప్లై ఇది. 15-0-15 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ రెక్టిఫయర్, ఒక్కోవైపు 2,200 మైక్రోఫారడ్లు, 35 వోల్టులది. అక్కడ 20 వోల్టుల పైన డీసీ వస్తుంది. ప్లస్‌కు ఎల్‌ఎం 317, 240 ఓమ్, 2.7 కిలో ఓమ్ రెసిస్టర్లతో, 15.3 వోల్టులు. మైనస్‌కు ఎల్‌ఎం 337, 120 ఓమ్, 1.3 కిలో ఓమ్‌లతో; దాదాపు 14.8. రెండింటి అడ్జస్ట్ కాలికీ 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేస్తే రిపుల్ అణచివేత 317 లో 65 డెసిబెల్స్ నుంచి 80 కి, 337 లో 60 నుంచి 77 కి పెరుగుతుంది. 317, 337 కాళ్ల వరుస ఒకటి కాదు. వెనుక రేకు 317 లో అవుట్‌పుట్, 337 లో ఇన్‌పుట్. మధ్యలో మైకా (కరెంటును ఆపే పలుచని రేకు) లేకుండా రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే షార్టే. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ చవకగా వస్తుందని తీసుకోవద్దు, ±15 కు దాని వోల్టేజీ చాలదు. కరెంటు పరిమితి బదులు ఒక్కోవైపు 47 ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి తొలిసారి నడపండి. దాని మీద పడే వోల్టేజీని 47 తో భాగిస్తే కరెంటు తెలుస్తుంది. సరిగ్గా ఉంటే తీసేయండి. పెద్ద సప్లై వచ్చాక కూడా ఇది మూలనపడదు, ప్రీఆంప్‌కు శాశ్వత సప్లైగా అందులోనే బిగించేయవచ్చు.

వాల్వ్ సంగతి. 12ఏఎక్స్7 ఫిలమెంట్‌కు 12.6 వోల్టులు, 150 మిల్లీఆంపియర్లు చాలు. దాన్ని బెంచ్ సప్లై హాయిగా నడుపుతుంది. డీసీతో వేడెక్కిస్తే గుంయ్‌మనడం కూడా తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంట్ ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక పరిమితిని 200 మిల్లీఆంపియర్లకు పెడితే కొన్ని సెకండ్లు సీసీలో ఉండి నెమ్మదిగా వేడెక్కుతుంది, వాల్వ్‌కు అది మేలే. ప్లేట్‌కు కావలసిన 250 వోల్టులు మాత్రం ఇలాంటి బెంచ్ సప్లై నుంచి రావు. నాలుగైదు సప్లైలను సిరీస్‌లో పెట్టి అక్కడికి చేరుకుందామనుకోవద్దు. వాటి ఇన్సులేషన్ అంత వోల్టేజీకి తయారుచేసింది కాదు. దానికి విడి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, ప్రతి ఫిల్టర్ కెపాసిటర్‌కూ అడ్డంగా 220 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్ వేయండి. ఆఫ్ చేశాక బోర్డును తాకేముందు ఆ కెపాసిటర్ మీద మీటరు పెట్టి 10 వోల్టుల కిందికి దిగిందో లేదో ప్రతిసారీ చూడండి.